గట్టిగ చదివిన కాయితం

ఆ కాయితం నాలుగు పేజీలు. ఇంగ్లీషుల ఇచ్చింది యూనివర్సిటోళ్ళు, తెలుగులకు చేసింది నేను. రెండు రోజులు కూసొని గోప్యత, స్వచ్ఛంద సమ్మతి, ఉపసంహరణ అని బరువు బరువు మాటలు ఏరుకొచ్చి పేర్చిన. మా గైడు సారుకు చూపిస్తె, "మస్తుగుందయ్యా, ఇంత చక్కటి తెలుగు ఈ మధ్యల చూడలే" అన్నడు. నేను మురిసిపోయిన. థూ, నా మురిపెం మీద మన్ను వడ! ఒక మనిషి నలభై ఏండ్లు తిప్పలువడి నిలవెట్టుకున్న బతుకును ఆ నాలుగు పేజీలు పావుగంటల కూలగొట్టినయి. కూలగొట్టినయి అని కాయితాల మీద పెట్టుడెందుకు, కూలగొట్టింది నేను.

నేను చేసింది చరిత్రల పీహెచ్‌డీ. మా కామారెడ్డి, ఎల్లారెడ్డి దిక్కు ఊర్లల్ల మొగపిల్లగాడని పుట్టి ఆడదానిలెక్క బతికినోళ్ళు, ఆడపిల్ల అని పుట్టి మొగోనిలెక్క బతికినోళ్ళు, ఒక్క పొయ్యి మీద వండుకొని తినుకుంట అట్లనే ముసలోళ్ళైన ఇద్దరాడోళ్ళు, గిట్లాంటోళ్ళ సంగతి రాసుడు. అమ్మకు మాత్రం "తెలంగాణ చరిత్ర" అని చెప్పిన. అమ్మ చాటల బీడీలు చుట్టుకుంటనే, "మంచిదే బిడ్డా, రజాకార్ల సంగతి గూడ రాయి" అన్నది. రాస్తనే అన్న. అసలు సంగతి చెప్తె ఆమె రెండో మాట అడుగుతది: గివన్ని నీకెందుకురా అని. దానికి నా దగ్గర జవాబుండె, కాని అది నోరు దాటేది కాదు. నేను గూడ గట్లాంటోన్నే. ముప్పై రెండేండ్లొచ్చినా, ఎవలన్న పెండ్లి మాట తీస్తె పీహెచ్‌డీ అడ్డం పెట్టుకొని తప్పించుకునేటోన్ని.

మొదటి రెండేండ్లు హైదరాబాదుల పాత దఫ్తర్లు తిరగేసిన. నిజాం కాలం కాయితాలల్ల మావోళ్ళు దొరుకుతరు, దొరకకేం! పోలీసోళ్ళ చిట్టాలల్ల, నేరాల పక్కన దొరుకుతరు. ఎవడో జమేదారు ముక్కు మూసుకొని రాసిన నాలుగు మాటలు. వాళ్ళు ఏం తిన్నరో, ఎవలతోని నవ్విండ్రో, వాళ్ళను ఎవలన్న ప్రేమతోని పిలిచిండ్రో ఒక్క ముక్క ఉండదు. చదివి చదివి నాకు కడుపుల మండేది. సారు అన్నడు, "కాయితాలల్ల లేనప్పుడు మనుషుల దగ్గరికి పో. ముసలోళ్ళతోని మాట్లాడు, రికార్డు చేసుకో." ఆ మాట మంచిదే. ఇప్పటికీ మంచిదే అంట.

కామారెడ్డి స్టేషన్ వెనుక బస్తీల హిజ్రాల ఇల్లొకటుండె. ఆ ఇంటి పెద్దమ్మ దగ్గరికి వారానికోసారి పోయి కూసునేటోన్ని. ఒకనాడు మాటల్ల మాటగ చెప్పింది: "ఎల్లారెడ్డి దిక్కు బీడీలు చేసే ఊరామె ఒకామె ఉంది బేటా. మా తాన్కి ఎన్నడు రాలే. రావాల్సిన పని పడలే. ఒకసారి రైల్ల చూసిన. నేను గుర్తువట్టిన, ఆమె నన్ను గుర్తువట్టింది. ఆడోళ్ళ నడుమ కూసొని పల్లీలు తింటున్నది. నేను చప్పట్లు కొట్టకుండ ముందటి డబ్బాలకు పోయిన." నేను లేచి కూసున్న. ఏ ఊరు, పేరేంది, ఎంత వయసుంటది అని గుచ్చి గుచ్చి అడిగిన. ఆమె తమలపాకుకు సున్నం రాసుకుంట నా మొఖం చూసింది. "మాకు ఇండ్లల్ల జాగ లేకపోయె, వేరే ఇల్లు చేసుకుంటిమి. ఆమెకు జాగ దొరికింది. కదిలియ్యకు" అన్నది. ఊరి పేరు చెప్పలే.

నేనే తవ్వి తీసిన. ఎల్లారెడ్డి బస్సులు పట్టుకొని, ఆన్నించి ఆటోలు పట్టుకొని, బీడీలు చేసే ఊర్లన్ని మూడు నెలలు తిరిగిన. దొరికిన్నాడు బస్‌స్టాండుల ఛాయ తాగుకుంట గైడు సారుకు ఫోన్ చేసి, "దొరికింది సార్" అన్న, పోయిన బర్రె దొరికినట్టు.

ఊరి పేరు ఇప్పుడు గూడ రాస్తలేను. ఒక ఇంటి ముంగట పొడుగాటి అరుగు, దాని మీద ఆరేడుగురు ఆడోళ్ళు, ఒక్కొక్కరి ఒడిల ఒక్కొక్క చాట. పొద్దున వంటలు కాంగనే ఎవల చాట వాళ్ళు పట్టుకొచ్చి ఆడ కూసుంటరు. ఆకు కత్తిరిస్తరు, తంబాకు పోస్తరు, చుట్టి దారం కడతరు, చేతుల పని చేతులు చేస్తుంటె నోటి పని నోరు చేస్తది. కోడండ్ల మీద చాడీలు, మొగోళ్ళ మీద నవ్వులు, ఎవలింట్ల ఏం కూర అనేదాకా అన్ని ఆడనే. బీడీలు చేసేటోళ్ళ మీద పుస్తకం రాస్తున్న అని చెప్పిన. "మొగోనికి బీడీల ముచ్చటేందిరో!" అని నవ్విండ్రు. నేను ఒకామె చేతిలకెళ్ళి కత్తెర తీసుకొని కొలత రేకు పెట్టి ఆకు కోసిన. మా అమ్మ చాట పక్కన పెరిగినోన్ని, నాకు రాదా? "ఓ పిలగా, ఇంగ రా, కూసో" అని జరిగి జాగ ఇచ్చింది గోడకు ఆనుకొని కూసున్నామె. చూడంగనే గుర్తువట్టిన, ఆమెనే నేను వెతుక్కుంట వచ్చిన మనిషి.

అరవై దాటినయి. పొడుగు మనిషి, నెరిసిన ఎంట్రుకలు ముడి, చేతుల నిండ ఆకుపచ్చ గాజులు, జర బొంగురు గొంతు. మొగుడు సచ్చిన అక్కతోని ఇరవై ఏండ్లప్పుడు ఈ ఊరికొచ్చిందట. అక్క ఇద్దరు పిల్లలను ఈమెనే సాకింది. అక్క పోయింది, పిల్లలు పెండ్లిళ్ళు చేసుకొని ఎవల తోవ వాళ్ళు పట్టిండ్రు. ఊర్లె చిన్న పెద్ద అందరు ఆమెను "వదినె" అని పిలుస్తరు. ఎవల అన్న పెండ్లాము గాదు, అయినా అందరికీ వదినెనే. మా దిక్కు పిల్లను చూడొచ్చినోళ్ళు, బీడీలు వస్తయా అని అడుగుతరు. ఆ వాడల పిల్లలందరికీ వస్తయనిపించింది ఈమెనే. పదేండ్లు నిండంగనే తల్లులు పిల్లను తెచ్చి ఈమె పక్కన కూసోవెట్టేటోళ్ళు. నేను పోయిన్నాడు గూడ ఒక చిన్నపిల్ల ఆమె మోకాలుకు ఆనుకొని దారం కట్టుడు నేర్చుకుంటున్నది.

వాళ్ళకు తెల్వదా? నలభై ఏండ్లు ఒక్క బోరింగు కాడ నీళ్ళు పట్టుకున్నోళ్ళు, తెల్వకుంటదా? కాని ఎవలు ఎన్నడు నోరు తెరిచి ఆ మాట అన్లే. పెండ్లిపిల్లకు నలుగు పెట్టేకాడ ఆమె ఉండాలె, పాట ఎత్తుకోవాలె. బతుకమ్మ చుట్టు ఆమె తిరగాలె. పురుటి గడపకు గూడ ఆమెను పిలిచేటోళ్ళు. దీనికి పేరేం పెట్టాల్నో నాకు తెల్వదు. నా పుస్తకాలల్ల లేదు. నేను మాత్రం ఒక పేరు సంచిల పెట్టుకొని తిరుగుతున్న.

ఆరు నెలలు పోయిన. బీడీల ముచ్చట్లే అడిగిన. ఒకనాడు తక్కినోళ్ళు చుట్టిన బీడీలు పట్టుకొని కార్ఖానకు పోయిండ్రు, ఆమె జరమొచ్చి అరుగు మీద ఒక్కతే పండుకున్నది. నేను నీళ్ళు తెచ్చిచ్చిన. తాగి, చెంబు కింద పెట్టి, "నిన్ను చూసిన్నాడే నాకు తెలిసింది బిడ్డా" అన్నది. "నువ్వు అడుగుతలేవు, నేను చెప్తలేను. ఎవలో ఒకలు షురూ చెయ్యాలె గదా" అని నవ్వింది. ఇగ అన్ని చెప్పింది. చిన్నప్పుడు అక్క లంగా కట్టుకుంటె నాయన ఎడ్లబండి చక్రానికి కట్టేసి కొట్టిందీ, తల్లి అడ్డం పడిందీ, అక్క మొగుడు పోయినంక "నువ్వు నాకు చెల్లెవై రా, నాకు తోడైతది" అని అక్కనే గాజులు తొడిగి తీసుకొచ్చిందీ. రికార్డరు నడుస్తున్నది. నేను ఏడ్చిన. రికార్డరు బందు చేసి నా సంగతి గూడ చెప్పిన. లోకంల నేను నోరు తెరిచి చెప్పిన మొదటి మనిషి ఆమెనే. నెత్తి మీద చెయ్యి పెట్టి, "పైలం బిడ్డా" అన్నది. గా చెయ్యి నెత్తి మీద పెట్టించుకొని నేను చేసిన పని చూడుండ్రి ఇగ.

రికార్డింగు విని గైడు సారు ఎగిరి గంతేసిండు. "నాలుగో అధ్యాయం మొత్తం ఈమె మీదనే. నీ థీసిస్‌కు ప్రాణం ఇదే" అన్నడు. అయితె సమ్మతి పత్రం కావాలె. అది లేకపోతె కమిటీ ఒక్క వాక్యం గూడ వాడుకోనియ్యదు. చదువు రానోళ్ళు వేలిముద్ర పెట్టాలె, పక్కన చదువొచ్చిన సాక్షి సంతకం పెట్టాలె. ఆమె ఎవరో పత్రంల స్పష్టంగ రాయాల్నన్నడు. రాసిన. "పుట్టుకతో పురుషునిగా గుర్తింపబడి స్త్రీగా జీవించుచున్న ట్రాన్స్‌జెండర్ వ్యక్తిగా" అని మొదటి పేజీల రెండో పేరాలనే రాసిన. నా గడువు దగ్గరవడ్డది. ఒకసారి పొడిగించిండ్రు, ఇంక పొడిగించం అన్నరు.

కాయితం పట్టుకొని ఊరికి పోయిన. ఇప్పుడు అసలు తప్పు చెప్త. దాన్ని నేను ఆమెకు చదివి చెప్పలే. చదవాల్నంటె ఆ మాట ఆమె ముంగట నోటితోని అనాలె. నాకు సిగ్గయింది. రాసుడు చాతనైంది, అనుడు చాతకాలే. "నీ మాటలు నా పుస్తకంల రాసుకునుటానికి ఒప్పుకోలు అవ్వా, వేలిముద్ర పెట్టాలె, ఒక సాక్షి దస్కత్ పెట్టాలె" అని ఊకున్న. "పేరు రాయవు గదా?" అన్నది. "రాయ." "ఊరు?" "రాయ." "అయితె మంచిదే. మాకు దస్కత్ ఏదున్నా కార్ఖాన టేకేదారే పెడతడు, పా" అని చెప్పులు తొడుక్కున్నది.

టేకేదారంటె ఊరోళ్ళకు ఆకు, తంబాకు ఇచ్చి, చుట్టిన బీడీలు తీసుకునేటాయన. చెడ్డోడు గాదు. చెడ్డోడైతె నాకు ఇయ్యాల ఇంత కాలకపోవు, ఆయన్ను తిట్టుకొని బతుకుదును. ముప్పై మంది ఆడోళ్ళ నడుమ చదువొచ్చినోడు ఆయన ఒక్కడే. పింఛన్ కాయితమొచ్చినా, దవాఖాన చిట్టొచ్చినా, పెండ్లి పత్రికొచ్చినా ఆయన చేతికే ఇస్తరు. లోలోపల చదువుకుంటె ఏం దాస్తున్నడో అని అనుమానం వస్తదని, ఏ కాయితమైనా మొదటికెళ్ళి చివరి దాకా అందరికి వినవడేటట్టు గట్టిగ చదువుడు ఆయన రివాజు. మా కామారెడ్డి కార్ఖానల గూడ అంతే. చిన్నప్పుడు అమ్మ కొంగు పట్టుకొని పోయి ఎన్ని కాయితాలు అట్ల విన్ననో. నాకు తెల్వని సంగతి గాదు. హైదరాబాదుల ఎనిమిదేండ్లుండి, పెన్ను పెట్టి చూపిన కాడ కండ్లు మూసుకొని సంతకం పెట్టేటోళ్ళను చూసి చూసి, మా వాళ్ళ రివాజు మర్సిపోయిన.

మేము పోయేసరికి బీడీలు అప్పజెప్పే టైము. రేకుల షెడ్డు నిండ ఆడోళ్ళు, అత్తలు, కోడండ్లు, ఇద్దరు ముగ్గురు మొగోళ్ళు. నేను తెలివిగల్లోన్ని గదా, చివరి పేజీ ఒక్కటే కనవడేటట్టు కాయితం మడతపెట్టి ఆయన ముంగట పెట్టిన. "ఈడ ఒక్క సంతకం పెట్టుండ్రి" అన్న. ఆయన అద్దాలు సర్దుకొని నా దిక్కు చూసిండు. "మడతపెట్టిన కాయితం మీద దస్కత్ పెడతనా సారూ? రేపు వదినెకు ఏమన్న అయితె ఊరు నన్ను అడుగుతది" అని మడత విప్పి మొదటి పేజీ అందుకున్నడు. ఆమె అప్పటికే బొటనవేలికి సిరా పూసుకొని, చీరకు అంటకుండ చెయ్యి పైకి పట్టుకొని నిలవడ్డది.

చదివిండు. "నేను స్వచ్ఛందంగా..." అని గొంతెత్తి షురూ చేసిండు. పని నడుస్తనే ఉంది, ఎవలు పెద్దగ వింటలేరు. నేను అడ్డం పడొచ్చు. కాయితం గుంజుకోవచ్చు. తప్పు కాయితం తెచ్చిన అని అనొచ్చు. ఏదీ చెయ్యలే. గుంజుకుంటె ఎందుకు గుంజుకున్నవంటరు, ఏం దాస్తున్నవంటరు, ఆ చూపు తిరిగి నా మీదికి వస్తదని భయమైంది. నిజం గదే. ఆమెకేమైతదో అని కాదు, నాకేమైతదో అని నోరు మూసుకున్న.

రెండో పేరా వచ్చింది. ఆ మాట కాడ ఆయన ఆగిండు. తప్పు చదివిననేమో అనుకొని అద్దాలు తీసి, అంగికి తుడుచుకొని, మళ్ళ పెట్టుకొని, మళ్ళొకసారి గట్టిగనే చదివిండు. "పుట్టుకతో పురుషునిగా గుర్తింపబడి..." షెడ్డంత చప్పుడు బందైంది. ఒక కొత్త కోడలు, "అంటె ఏందత్తా?" అన్నది. అత్త, "నోర్ముయ్" అన్నది. ఆయన మొఖం పాలిపోయింది, అయినా ఆపలే. నడిమిట్ల ఆపితె దాచినట్టయితదని అట్లనే చదువుకుంట పోయిండు. "నా గుర్తింపు పూర్తిగా గోప్యంగా ఉంచబడునని నాకు తెలియజేయబడినది" అని ముప్పై మంది ముంగట గంట కొట్టినట్టు చదివిండు. ఎవలన్న నవ్వితె వాళ్ళ మీద కోపానికన్న వద్దును, ఎవలు నవ్వలే. నాలుగో పేజీ చివరి లైను దాకా చదివి, దస్కత్ పెట్టి, కార్ఖాన ముద్ర గూడ గుద్దిండు. "పెట్టు వదినె" అన్నడు, తల ఎత్తకుండ. ఆమె వేలు పెట్టింది. అందరు చూస్తుంటె వెనక్కి తీసుకునుడు ఇంకా పెద్ద ముచ్చటయితదని పెట్టిందో, మరి ఏం అనుకొని పెట్టిందో. నేనడగలే.

తిరిగి వచ్చేటప్పుడు తొవ్వల ఒక్కటే మాటన్నది. "నాకు ముందుగాల చదివి చెప్పకపోతివి బిడ్డా." నేను కాయితాన్ని ప్లాస్టిక్ కవర్ల పెట్టుకొని బస్సెక్కిన.

నెల తర్వాత మళ్ళ పోయిన. అరుగు ఖాళీ. గోడకు ఆనుకొని ఆమె ఒక్కతి, ఒడిల చాట. తక్కినోళ్ళు ఎక్కడ అవ్వా అంటె, "ఈడ ఎండ కొడుతున్నదట" అన్నది. నలభై ఏండ్లు కొట్టని ఎండ! నాలుగిండ్ల అవుతల ఇంకో అరుగు మీద అందరు కూసున్నరు. ఎవలు ఆమెను తిట్టలే. ఎవలు తలుపు మీద రాయి వెయ్యలే. అట్ల చేసుంటె కేసు పెడుదును, పేపర్లకు రాద్దును, అది నాకు వచ్చిన విద్యనే. మొన్న ఒకింట్ల పెండ్లయితె నలుగు కాడికి పిలువలే, అన్నం కూరలు గిన్నెల పెట్టి ఇంటికి పంపిండ్రట. దారం కట్టుడు నేర్చుకునే చిన్నపిల్ల వస్తలేదు. అందరికంటె చిత్రం, "వదినె" అని పిలుస్తలేరు. ఏమని పిలవాల్నో తెల్వక ఏమీ పిలుస్తలేరు.

అరుగు ఇంటామె నీళ్ళకు పోతుంటె ఆపి అడిగిన. నేనే గరమై అడిగిన, సిగ్గు లేకుండ. "మీకు ముందుగాల తెల్వదా అక్కా? ఇప్పుడే తెలిసిందా?" ఆమె బిందె కింద పెట్టింది. "ఎందుకు తెల్వదు? నా పెండ్లి కాకముందు మా అత్తకు తెలుసు, మా అత్త చెప్పకున్నా నాకు తెలుసు. తెలిసినా తెల్వనట్టు ఉంటిమి గనకనే అందరం ఒక్కకాడ కూసున్నం. ఇప్పుడు మా మొగోళ్ళు అడుగుతున్నరు, ఇన్నేండ్లు మా ఆడోళ్ళ నడుమ ఎట్ల కూసోవెట్టుకున్నరే అని. ఏం చెప్పాలె? తెల్వదంటె అబద్ధం, తెలుసంటె మేము చెడ్డోళ్ళం. నీ పుస్తకం నీకైంది, మాకు వదినె లేకుండ చేస్తివి" అన్నది. కండ్లల్ల నీళ్ళు తీసుకున్నది. బిందె ఎత్తుకొని పోయింది. నేను ఆ మాటలన్ని బస్సుల నోటుబుక్కుల రాసుకున్న. రాసుకున్ననా లేదా? రాసుకున్న. చెయ్యి ఆగలే.

ఇంకో రెండు నెలలకు, ఒక మధ్యాన్నం, కామారెడ్డిల మా ఇంటి ముంగట ఆమె నిలవడ్డది. ఎల్లారెడ్డి బస్సు దిగి తొవ్వ అడుగుకుంట వచ్చిందట. గడప కాడ అమ్మ చాట ముంగట వేసుకొని ఉన్నది. "రా అక్కా, కూసో" అన్నది అమ్మ. ఆమె కూసోలే. "నేను ఈడ కూసోవచ్చునా?" అని అడిగింది. అమ్మకు సమజ్ కాలే, "గదేందక్కా, కూసో మరి" అని జరిగింది. నాకు సమజైంది. లోపలికి రమ్మని తీసుకపోయిన.

మంచం అంచు మీద కూసొని, ఆమె వచ్చిన పని చెప్పింది. "ఆ కాయితంల చివరికి ఒక మాటుండె బిడ్డా. ఎప్పుడు వద్దనుకుంటె అప్పుడు వద్దనొచ్చని, ఎందుకో చెప్పాల్సిన పని గూడ లేదని. అందరు మొదటి మాట కాడనే ఆగిపోయిండ్రు, నేను చివరిదాకా విన్న. వద్దు. తీసెయ్యి." నేను తల ఊపిన. "తీసేసి, ఇంకో కాయితం రాయి. ఆ రాసింది తప్పు, వేరే ఊరామెది ఈమెదనుకొని రాసిన అని. కింద నీ దస్కత్ పెట్టు. టేకేదారు చేతికియ్యి, ఆయన గట్టిగ చదువుతడు. అందరు వింటరు." ఆమె మొఖంల ఎంత ఆశ ఉండెనంటె నేను చూడలేకపోయిన. "వాళ్ళకు గూడ అదే కావాలె బిడ్డా. నిజమో అబద్ధమో ఎవలు అడగరు. ఒక్కసారి చదివితె చాలు, మళ్ళ వచ్చి కూసుంటరు."

అయితుండె. ఇయ్యాలటికీ నాకు నమ్మకమే, ఆ ఒక్క కాయితంతోని అయితుండె. చదివిన మాటతోని పోయింది, చదివిన మాటతోని వస్తుండె. వాళ్ళు ఒక సాకు కోసం ఎదురుచూస్తున్నరు. కాని నేను "తప్పు రాసిన" అని దస్కత్ పెట్టిన కాయితం ఒకటి బయట తిరిగితె నా నాలుగో అధ్యాయం ఏం కావాలె? నాలుగో అధ్యాయం లేకపోతె థీసిస్ ఏం కావాలె? అది చెప్పడానికి నోరు రాలే, నీతులు మాత్రం వచ్చినయి. "దాచుకునుడెందుకు అవ్వా? నువ్వు చేసిన తప్పేముంది? గర్వంగ బతకాలె. కాలం మారింది, చట్టాలొచ్చినయి" అన్న. ఇంకా ఏమేమో అన్న, సెమినార్లల్ల అనేవన్ని.

ఆమె కోపానికి రాలే. గొంతు తగ్గించి, బయటికి వినవడకుండ, "మీ అమ్మ గడప కాడనే కూసున్నది. చెప్పి రాపో, గర్వంగ" అన్నది.

నేను లేవలే. ఆమెనే, "చెప్పకు తియ్యి, నేను ఊకెనే అన్న. నాది మాత్రం తీసెయ్యి బిడ్డా" అన్నది.

"అచ్చుకు పోయింది అవ్వా" అన్న. పచ్చి అబద్ధం. థీసిస్ ఇచ్చేటందుకు ఇంకా నలభై రోజులుండె, అధ్యాయం నా లాప్‌టాప్‌ల, మేము కూసున్న మంచం మీదనే ఉండె. "ఇప్పుడు నా చేతుల ఏం లేదు."

"అచ్చైందా?" అన్నది. "అయితె ఇంకేంది మరి." లేచి చీర సర్దుకున్నది. నన్ను నమ్మింది. బస్సుకు టైముందని గడప కాడ అమ్మ పక్కన అరగంట కూసొని, కత్తెర అడిగి తీసుకొని అమ్మకు ఆకు కోసిచ్చింది. అమ్మ వద్దంటనే మురిసిపోయింది. ఆమె పోయినంక, "ఎంత సాఫ్ చెయ్యిరా ఆమెది! ఎవలామె?" అని అడిగింది. రీసెర్చిల కలిసింది అన్న. "మళ్ళ రమ్మనకపోయినవ్" అన్నది అమ్మ.

మళ్ళ రాలే. నేను గూడ పోలే. ఇప్పుడు ఇది రాస్తున్న, దీనికి గూడ ఆమెను అడగలే.

నలభై రోజులకు థీసిస్ ఇచ్చిన. ఏడాది తిరగకముందే వైవా పెట్టిండ్రు. హైదరాబాదుల ఏసీ గది, పొడుగు బల్ల, పూలగుచ్ఛం, సమోసాలు. బయటినించి వచ్చిన మేడం నా పుస్తకం తిరగేసుకుంట, నాలుగో అధ్యాయం చదివి రెండు రోజులు నిద్రపట్టలేదన్నది. ఒక ఊరు ఒక మనిషిని ఇంత సహజంగా కలుపుకోవడం ఎక్కడా చదవలేదన్నది. ఇప్పటికీ అట్లనే ఉన్నారా అని అడిగింది. ఉన్నరు మేడం అన్న. గైడు సారు నా దిక్కు చూసి మురిసిండు. చివరికి మేడం సమ్మతి పత్రాల ఫైలు ముంగటికి లాక్కున్నది. వేలిముద్ర చూసింది, పక్కన సాక్షి సంతకం చూసింది, కార్ఖాన ముద్ర చూసి, "చాలా పద్ధతిగా చేశారు, ఇంత శ్రద్ధ ఈ రోజుల్లో ఎవరికుంది" అన్నది.

"ఒక్క ప్రశ్న, ఇది అందరినీ అడుగుతాను" అన్నది. "పాల్గొన్నవాళ్ళలో ఎవరైనా తర్వాత తమ సమ్మతిని వెనక్కి తీసుకున్నారా?"

నేను గ్లాసెత్తి నీళ్ళు తాగిన. "లేదు మేడం" అన్న. "ఒక్కరు గూడ వద్దన్లే."

మేడం తన ఫారంల అది రాసుకున్నది. నన్ను బయట నిలవడమన్నరు. ఐదు నిమిషాలకు తలుపు తీసి "రండి డాక్టర్ గారూ" అని పిలిచిండ్రు. అందరు చప్పట్లు కొట్టిండ్రు, నేను రెండు చేతులు జోడించి దండం పెట్టుకుంట లోపలికి పోయిన.